వెన్ టీచరు ఇంగ్లీషు

"విన్నారా టీచర్? మన గాంజౌకి తెల్లావిడ ఒకావిడ వచ్చింది," అంది మేజెన్, పిండి పట్టించిన పంది మాంసం ముక్కల్ని మరుగుతున్న చారులోకి ఒక్కొక్కటే వదులుతూ.

వెన్ సూలాన్ నోటిదాకా తీసుకెళ్ళిన తినే పుల్లల్ని మళ్ళీ గిన్నెలోకి దించింది.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఒకళ్ళు చెప్పేదేంటి! నిన్న పొద్దున ఇక్కడే, మీరు కూర్చున్న బల్ల దగ్గరే తిని వెళ్ళింది. ఒక్కతే వచ్చింది. మీ ఈడే ఉంటుంది. వీపున ఇంత సంచీ. కారం నూనె వద్దేమో అనుకున్నా, తనే సీసా లాక్కుని పోసుకుంది. ముక్కు చీదుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ రెండు గిన్నెలు లాగించింది."

"నువ్వేం మాట్లాడావు?"

"నాకేం వచ్చు! మీరు చెప్పిన ముక్కలే నాలుగు గుర్తు తెచ్చుకుని అన్నాను. ఆవిడ నా మొహం చూసింది, నేను ఆవిడ మొహం చూశాను. ఇద్దరం నవ్వుకున్నాం. అంతే." మేజెన్ జల్లెడ గరిటెతో ముక్కలు పైకి తీసింది. "మీరు వెళ్ళి మాట్లాడండి టీచర్. మీరు కాకపోతే ఈ ఊళ్ళో ఇంకెవరు మాట్లాడతారు?"

మేజెన్‌కి నలభై నాలుగేళ్ళు. నది ఒడ్డు స్కూల్లో సూలాన్ క్లాసులో రెండో బెంచీ పిల్ల. ఆ మాటకొస్తే కోటగోడ చుట్టుపక్కల ఆ వయసు వాళ్ళలో సూలాన్ దగ్గర ఇంగ్లీషు చదవని వాళ్ళు తక్కువ. ముప్పై ఒక్క ఏళ్ళు చెప్పిందావిడ. రిటైరై అయిదేళ్ళయింది. ఇన్నేళ్ళలోనూ ఆ భాష పుట్టుకతో వచ్చిన మనిషితో ముఖాముఖి ఒక్క మాట మాట్లాడలేదు. విన్నదంతా టేపుల్లోనే.

సూలాన్ గిన్నె రెండు చేతులా ఎత్తి అడుగుదాకా తాగింది. ఇంటికి వెళ్ళే దారిలో మూడుసార్లు ఆగి, మూడుసార్లూ నది వైపు చూసింది.

నాలుగో అంతస్తు ఎక్కేసరికి ఎదురింటి చియూ తలుపు దగ్గర నిలబడి ఉంది. చేతిలో కమలాపళ్ళ సంచీ. ఆవిడ కూతురు రోజూ సాయంత్రం పుస్తకం పట్టుకుని సూలాన్ దగ్గరికి వచ్చేది.

"టీచర్, మా పుట్టింటి తోటవి. తియ్యగా ఉన్నాయి," అంటూ సంచీ చేతిలో పెట్టింది చియూ. వెళ్ళిపోలేదు. చీపురు లేకుండానే కాలితో గడప దగ్గర దుమ్ము పక్కకి నెట్టింది. "పాప... ఇవాళ్టి నుంచి రాదు టీచర్. కోచింగ్ సెంటర్లో చేర్పించాం."

"మంచిదేగా. ఎందుకలా నసుగుతావు?"

"అది కాదు. అక్కడి సారు పాప చేత చదివించి చూశాడు. ఈ యాస ఇప్పుడే మాన్పించకపోతే ముదిరిపోతుందట. ఇక ఎవరి తరమూ కాదట. మీరేం అనుకోకండి, ఆ మాట నాది కాదు."

"సారెవరు?"

"షియె కాయ్ గారు."

సూలాన్ తల ఊపింది. కాయ్‌కి ఏబీసీడీలు దిద్దించింది తనే.

లోపల సూలాన్ భర్త జోంగ్ అన్నీ విన్నాడు. టంగ్‌స్టన్ గనిలో పనిచేసి రిటైరైన మనిషి. ఒక కమలాపండు తీసుకుని తొక్క తెగకుండా ఒకే చుట్టుగా ఒలిచాడు. సగం ఆవిడకిచ్చాడు.

"పుల్లగా ఉందే! తియ్యగా ఉన్నాయంది?" అన్నాడు.

"నా నోటికి బాగానే ఉంది."

"సూలాన్, ఆ కాయ్‌గాడు నీ దగ్గర నేర్చుకున్నవాడేగా?"

"తర్వాత అమెరికా వాళ్ళవి విని దిద్దుకున్నాడు. నేనెవరివి విని దిద్దుకోను?" అని, తొన చేతిలోనే ఉంచుకుని కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి అంది: "ఊళ్ళోకి ఒకావిడ వచ్చిందట. ఒక్కటే అడగాలని ఉంది. ఇన్నేళ్ళూ నేను చెప్పింది ఇంగ్లీషేనా, కాదా అని."

"కాదంటే?"

ఆవిడ తొన నోట్లో వేసుకుని, కమలా తొక్క తీసి పారెయ్యడానికి లేచింది.

మర్నాడు పొద్దున్నే తలకి కాస్త నూనె రాసి దువ్వుకుంది. కూతురు కొనిచ్చిన నీలం కోటు వేసుకుంది. అద్దం ముందు నిలబడి, పిల్లలచేత మొదటిరోజు పలికించే వాక్యాన్నే మెల్లగా పలికి చూసుకుంది: "లైస్ టు మీట్ యూ. వెల్‌కమ్ టు అవర్ సిటీ."

"కూరగాయలకా?" అన్నాడు జోంగ్, పేపరులోంచి తల ఎత్తకుండా.

"ఆఁ, కూరగాయలకే."

"కూరగాయలు అదృష్టవంతులు."

తెల్లావిడ తేలే వంతెన దగ్గరే కనిపించింది. కొయ్య పడవల్ని పక్కపక్కన గొలుసులతో కట్టి, పైన పలకలు పరిచిన వంతెన అది. ఒడ్డుకి లాగి బోర్లించిన పడవ దగ్గర ఇద్దరు పనివాళ్ళు పలకల సందుల్లో జనపనార కుక్కి, ఉలితో కొట్టి, సున్నం కలిపిన నూనె ముద్ద మెత్తుతున్నారు. ఆవిడ వాళ్ళ పక్కన గొంతుక్కూర్చుని చూస్తోంది. నెరిసిన పొట్టి జుట్టు, బురదంటిన బూట్లు. పనివాడొకడు ఉలి ఇస్తే తనూ రెండు దెబ్బలు వేసింది. ముగ్గురూ నవ్వారు. సూలాన్ పది అడుగుల దూరంలో, చేపలమ్మే ఆమె వెనకాల నిలబడింది. ఏ చేప కావాలని రెండుసార్లు అడిగించుకుని, వద్దని చెప్పి, అక్కడే ఉండిపోయింది. తన వయసు ఆడది ఒక సంచీ వీపున వేసుకుని, ఎవర్నీ అడగక్కర్లేకుండా, భూమికి ఆ కొసనుంచి వచ్చి ఈ పడవ పక్కన కూర్చుంది! సూలాన్ తమ రాష్ట్ర రాజధాని నాన్‌చాంగ్ దాటి వెళ్ళింది లేదు.

ఆవిడ లేచి నడిచింది. సూలాన్ కూడా నడిచింది. కోట ద్వారం దాటి, మెట్లెక్కి, కోటగోడ మీదికి. ఇటుకల మీద వాటిని కాల్చినవాళ్ళ పేర్లు చెక్కి ఉంటాయి. ఆవిడ వంగి ఒక పేరు మీద వేలితో రాస్తూ ఉంది. చుట్టూ ఎవరూ లేరు. ఇంతకంటే మంచి అదను దొరకదు.

సూలాన్ కోటు గుండీ సరిచేసుకుంది.

"లైస్ టు మీట్ యూ," అంది. గొంతు తనదిలా లేదు. "వెల్‌కమ్ టు అవర్ సిటీ."

ఆవిడ లేచి నిలబడి నవ్వింది. మంచి నవ్వే. తల అడ్డంగా ఊపి, క్షమించమన్నట్టు చెయ్యి గుండెలమీద పెట్టుకుంది. జేబులోంచి ఫోను తీసి, దానిమీద ఏదో నొక్కి, సూలాన్ నోటి దగ్గర పట్టుకుంది. చెప్పండి అన్నట్టు కళ్ళతో సైగ చేసింది.

సూలాన్‌కి మొదట అర్థం కాలేదు. ఫోను మీద చైనా అక్షరాలు చూశాక అర్థమైంది. తను మాట్లాడింది చైనా భాష అనుకుంది ఆవిడ.

"లైస్... టు... మీట్... యూ," అంది సూలాన్, క్లాసులో మందబుద్ధి పిల్లలకి చెప్పినట్టు.

ఫోను కాసేపు ఆలోచించి, విన్నది చైనా మాటలే అనుకుని అక్షరాలు పోసింది. 'వచ్చి చావు పటం' అన్నట్టు ఉన్నాయవి. కింద ఇంగ్లీషులో పడినదాన్ని చదివి తెల్లావిడ కనుబొమలు పైకి లేచాయి.

అప్పుడే మెట్లమీద అడుగుల చప్పుడైంది. కోచింగ్ సెంటరు ఎర్ర టోపీలు పెట్టుకున్న పిల్లలు పదిమంది, కెమెరా పట్టుకున్న ఒకతను, అందరికంటే ముందు షియె కాయ్. ఆవిడ ఎక్కడుందో వాకబు చేసుకుంటూ వచ్చినట్టున్నాడు. చెయ్యి చాపి గడగడా ఇంగ్లీషు మాట్లాడేశాడు. ఆవిడకి అర్థమైంది. బదులు చెప్పింది. ఫోను జేబులో పెట్టేసుకుంది. పిల్లలు వరసలో నిలబడ్డారు.

"అరె, వెన్ టీచర్! మీరా!" అన్నాడు కాయ్. మర్యాదకి తల వంచాడు కూడా. "కాస్త ఇటు పక్కకి వస్తారా టీచర్, ఫొటోకి అడ్డు పడుతున్నారు. ఆవిడతో మీకేమైనా పని ఉందా? చైనీసులో నాకు చెప్పండి, నేను అడిగిపెడతాను."

వాడి గొంతులో ఎకసెక్కం లేదు. నిజంగానే సాయం చేద్దామనుకున్నాడు.

"ఏం లేదు నాయనా. గాలికి వచ్చాను," అని సూలాన్ గోడవారగా తప్పుకుంది. వరస చివర చియూ కూతురు ఎర్ర టోపీ కళ్ళమీదికి లాక్కుని నిలబడి ఉంది. దాన్ని పలకరించకుండానే దిగిపోయింది.

మూడోరోజంతా వాన. సూలాన్ అలమారా పై అర ఖాళీ చేసింది. పాఠాల నోటుపుస్తకాలు పాతికేళ్ళవి ఉన్నాయి. ఒక్కో పేజీలో ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు ఏ పిల్ల ఏ మాట దగ్గర తడబడిందో ఎర్రసిరాతో. వాటిని దొంతర్లుగా పేర్చి, పురికొసతో అటూ ఇటూ కట్టి, తలుపు దగ్గర పెట్టింది. టేపులు ఇంకో సంచీలో వేసింది. జోంగ్ కుర్చీలో కూర్చుని చూస్తూ ఉన్నాడు.

"పాత కాయితాలవాడు వానలో రాడు," అన్నాడు.

"రేపొస్తాడు."

"రేపూ వానే అన్నారు."

"ఎల్లుండొస్తాడు. నువ్వేమైనా అడ్డం పడతావా?"

"నాకెందుకు? నా గని హెల్మెట్టు కూడా ఉంది, అదీ ఇచ్చెయ్." లేచి నిజంగానే దాన్ని తెచ్చి దొంతరమీద పెట్టాడు. మామూలుగా అయితే సూలాన్ నవ్వేది. ఆ రోజు నవ్వలేదు. జోంగ్ అన్నం వండి, చేపముద్దలు వేయించి బల్లమీద పెట్టాడు. ఆవిడ రెండు ముద్దలు తిని లేచింది.

పడుకున్నా ఆ ఫోను కళ్ళముందు నుంచి పోలేదు. కాదు అని ఆవిడ నోటితో అన్నా బాగుండేది. నువ్వు తప్పు చెప్పావని అని ఉన్నా బాగుండేది. అసలది ఇంగ్లీషని తోచనే లేదు ఆవిడకి. తాను మొదటిరోజు పలికించిన పిల్లలందరూ ఆ వాక్యాన్ని నోట్లో పెట్టుకుని ఎక్కడెక్కడికి వెళ్ళారో, ఎవరి ముందు ఇలాగే నిలబడిపోయారో అని ఆలోచిస్తూ పడుకుంది.

నాలుగోరోజు పొద్దున వాన తగ్గి జల్లు మిగిలింది. అవతలి ఒడ్డున కాయగూరలు చవక. గొడుగు పట్టుకుని బయల్దేరింది, ఈసారి నిజంగానే కూరగాయలకి. వంతెన సగం దాటేసరికి ముందు జనం ఆగి ఉన్నారు. ఇసుక పడవ వస్తోందని మధ్యలో రెండు జతల పడవలు విప్పి పక్కకి లాగుతున్నారు. సైకిళ్ళ వాళ్ళు, బుట్టల వాళ్ళు, అందరూ నీళ్ళ అంచున నిలబడ్డారు. సూలాన్ భుజానికి ఒక సంచీ తగిలింది. తిరిగి చూస్తే తెల్లావిడ.

ఆవిడ గుర్తుపట్టింది. మొహం విప్పారింది. "హలో," అని, ఇంకేదో అంది.

సూలాన్ చెయ్యి అడ్డంగా ఊపింది. "నాకు ఇంగ్లీషు రాదు," అంది చైనీసులో.

గొడుగు కిందికి దించుకుని నీళ్ళకేసి చూస్తూ నిలబడింది.

విప్పిన పడవమీద నుంచి ఒక పనివాడు, పాన్ దాషెంగ్, వెదురు గడతో ఒత్తుతూ ఇటు చూశాడు. స్కూల్లో చివరి బెంచీ. పరీక్షలో పేరు తప్ప ఏదీ రాసేవాడు కాదు. వాడు గడ చంకలో పెట్టుకుని, నోటి పక్కన చెయ్యి అడ్డం పెట్టి కేక వేశాడు:

"మేడమ్! టెన్ మిలిట్స్ వెయిట్! లో ప్రాబ్లమ్!"

తెల్లావిడ చెయ్యి పైకెత్తి ఊపింది. "లో ప్రాబ్లమ్!" అని కేక వేసింది తనూ.

సూలాన్ మెల్లగా గొడుగు పైకెత్తింది.

'టెన్' దగ్గర కాస్త లాగడం, 'వెయిట్' చివర గొంతు పైకి లేవడం... అది దాషెంగ్ గొంతు కాదు. కర్ర పట్టుకుని నల్లబల్ల ముందు నిలబడ్డ తన గొంతు. ముప్పై ఏళ్ళ కిందట తనెలా పలికిందో అలాగే, మక్కీకి మక్కీ. ఆ గొంతే నీళ్ళమీదుగా వచ్చింది, పక్కన నిలబడ్డ తెల్లావిడకి అర్థమైంది.

అడగకుండా ఉండలేకపోయింది. ఇంగ్లీషులోనే అడిగింది: "అతను అన్నది మీకు అర్థమైందా?"

తెల్లావిడ గిర్రున తిరిగింది. "మీకు ఇంగ్లీషు వచ్చే! ఇందాక రాదన్నట్టు చెయ్యి ఊపారు కదా?"

ఆవిడ మాట టేపుల్లో గొంతులా లేదు. అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. సూలాన్ చెవి రిక్కించి, పెదాలు చూస్తూ ఒక్కో మాటా ఏరుకుంది. "మెల్లగా చెప్పండి," అంది.

ఆవిడ మెల్లగా చెప్పింది. పేరు నువాలా. ఐర్లాండులో పల్లెటూళ్ళకి ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసి మానేసింది. ఈ ఊరికి వచ్చిన మొదటిరోజు ఎవరి మాటా బోధపడలేదు. పోను పోను చెవికి అలవాటైంది. చారు కొట్టావిడా, మందుల కొట్టాయనా, బస్సు డ్రైవరూ, ఈ పడవవాడూ అందరూ ఒకేలాగా మాట్లాడుతున్నారు. "ఇది గాంజౌ ఇంగ్లీషు కాబోలు అనుకున్నాను. రాగం పట్టుకుంటే ఇక కష్టం లేదు. మీరు మాట్లాడేదీ అదే, కాకపోతే అందరికంటే స్పష్టంగా ఉంది. మొన్న గోడమీద నా చెవికి ఇంకా అందలేదు. మన్నించాలి."

ఇసుక పడవ ఇంజను చప్పుడు చేస్తూ సందులోంచి దూరింది. అలకి వంతెనంతా పైకి లేచి కిందికి దిగింది. నువాలా తూలితే సూలాన్ మోచెయ్యి పట్టుకుంది.

"వాళ్ళంతా," అంది సూలాన్. ఊపిరి కూడదీసుకుంది. "వాళ్ళంతా నా స్టూడెంట్స్."

నువాలా దాషెంగ్‌ని చూసింది, ఒడ్డున ద్వారం దగ్గరి కొట్ల వరస చూసింది, మళ్ళీ సూలాన్ని చూసింది. "అందరూనా?" అంది.

"చాలామంది." ఇక దాచుకునేదేముంది? ఇన్నేళ్ళుగా దాచుకున్న ప్రశ్న అడిగేసింది. "నిజం చెప్పండి. నేను తప్పు నేర్పానా?"

నువాలా పెదవి కొరుక్కుంది. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నదానిలా ఉంది. "ఒక్కటి ఉంది," అని వేలు నాలుక దగ్గర పెట్టి చూపించింది. "మీరంతా 'న' అనాల్సిన చోట 'ల' అంటారు. 'నైస్ టు మీట్ యూ' అనాలి. 'లైస్' అంటే..." బుర్ర గోక్కుని చూపించింది. రెండు బొటనవేళ్ళ గోళ్ళూ కలిపి కుక్కినట్టు చూపించింది.

"పేలా?" అంది సూలాన్ చైనీసులో.

భాష తెలియకపోయినా నువాలా తల ఊపింది.

సూలాన్ మొహం చెవులదాకా ఎర్రబడింది. ఏడాదికి నాలుగు క్లాసులు. క్లాసుకి యాభైమంది. అందరిచేతా మొదటిరోజు లేచి నిలబడి చెప్పించింది. ఊరంతటి నెత్తిన పేలు పోసింది! ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, కడుపులోంచి నవ్వు వచ్చింది. ఆపుకోబోతే ఇంకా వచ్చింది. గొడుగు వంగిపోయి ఇద్దరి మీదా వాన పడింది. నువాలా కూడా నవ్వింది. బుట్టలవాళ్ళు ఈ ముసలమ్మలకేమైందని చూశారు.

"మిగతాదంతా?" అంది సూలాన్, కళ్ళు తుడుచుకుని.

"మిగతాదంతా ఇంగ్లీషే. మా మాట లండన్ వాళ్ళకే సగం ఎక్కదు. మీరే నయం."

దాషెంగ్ వాళ్ళు పడవలు మళ్ళీ దగ్గరకి లాగి గొలుసులు బిగించారు. జనం కదిలారు. నువాలాకి పదకొండు గంటల రైలు ఉంది, అవతలి ఒడ్డున బస్సెక్కాలి. సూలాన్ కూరగాయల సంగతి మర్చిపోయి ఆవిడతో నడిచింది. స్టాపు పది నిమిషాల నడక. ఎన్ని అడగాలనుకుంది! ఆ దేశంలో బళ్ళు ఎలా ఉంటాయి, పెద్దవాళ్ళని ఏమని పిలుస్తారు, ఒంటరిగా తిరగడానికి మొదటిరోజు భయం వెయ్యలేదా. ఒక్కటీ కూడి రాలేదు.

"మీ ఊళ్ళో వాన ఎలా ఉంటుంది?" అని అడిగింది చివరికి.

"ఇలాగే ఉంటుంది. కాస్త అడ్డంగా పడుతుంది." నువాలా చేత్తో ఏటవాలుగా చూపించింది. "మీరొచ్చి చూడాలి."

"అవును," అంది సూలాన్. బస్సు వచ్చేసింది. నువాలా ఎక్కి, కిటికీ అద్దం మీద తడి తుడిచి చెయ్యి ఊపింది. బస్సు మలుపు తిరిగాక కూడా సూలాన్ గొడుగు ముడిచి పట్టుకుని అక్కడే నిలబడింది. వాన కొంచెం అడ్డంగానే పడుతోందనిపించింది.

చారు కొట్లో పొద్దుటి హడావుడి అయిపోయింది. మేజెన్ ఉల్లికాడలు తరుగుతోంది.

"టీచర్, తడిసిపోయారు! కూర్చోండి, వేడిగా పోస్తాను."

"చారు తర్వాత. ముందు నువ్వు ఒక మాట చెప్పు. 'లైస్' అను."

"ఇప్పుడా? చేతినిండా ఉల్లికాడలు."

"చేత్తో కాదుగా పలికేది. అను."

"లైస్."

"అది తప్పు మేజెన్. నేను తప్పు చెప్పాను. అక్కడ 'న' ఉండాలి. నీకు, మీ క్లాసుకి, అందరికీ తప్పే చెప్పాను. కాయ్ అన్నదాంట్లో అబద్ధం లేదు."

"నైస్," అంది మేజెన్ అవలీలగా.

సూలాన్ ఆమెకేసి చూసింది. "నీకు వచ్చా అది?"

"రాకేం? నేను ఈ ఊళ్ళో పుట్టినదాన్నేగా. మీది కొండల్లో ఊరు, మీ వైపు వాళ్ళకే 'న', 'ల' రెండూ ఒకటి. మన మాటలో పాలు అడిగేటప్పుడు కూడా మీరు 'న'కి 'ల' అనే అంటారు, క్లాసులో మేం నవ్వుకునేవాళ్ళం."

"మరి ఇంగ్లీషులో ఎందుకు..."

"మీరు అలా చెప్పారుగా టీచర్," అంది మేజెన్, అదేం ప్రశ్న అన్నట్టు. "ఇంగ్లీషులో అంతే అనుకున్నాం."

సూలాన్ బల్లమీద రెండు చేతులూ ఆనించుకుంది. నాలుక కదిపి చూసింది. "లైస్," అంది. మళ్ళీ ప్రయత్నించింది. "లైస్."

మేజెన్ కత్తి కింద పెట్టింది. చేతులు తుడుచుకుంటూ పొయ్యి ఇవతలికి వచ్చి, ఎదురు బల్లమీద కూర్చుంది. "నాలుక కొన పైపళ్ళ వెనక ఆనించండి. ఆఁ. అక్కడే ఉంచండి. పక్కలనుంచి వదలకండి. గాలి ముక్కులోంచి రావాలి. నా మూతి చూడండి. నైస్."

సూలాన్ వీపు నిటారుగా పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మేజెన్ పెదాలకేసే చూసింది.

"ఇంకోసారి చెప్పు," అంది.